టీలో ఏదో కలుస్తోంది

కిందటి వారం గుండీలమ్మను ఆసుపత్రి బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఒళ్ళో చేతిసంచి, సంచిలో రెండు ఫైళ్ళు, ఫైళ్ళ కింద ఒక పాత పౌడరు డబ్బా. పక్కన భర్త, ఆయనకు అటువైపు అత్తగారు. ఆ ఇద్దరాడవాళ్ళ మధ్య ఎప్పుడూ ఒక మనిషి దూరం ఉండాలన్నది ఆ ఇంటి నియమం కాబట్టి, మాస్టారు ఎప్పటిలాగే గోడ ఉద్యోగం చేస్తున్నారు.

ఈ వారమే కథ చేతిలోకి తీసుకున్నవారి కోసం రెండు ముక్కలు. వీళ్ళది కుట్టుపని దుకాణం. మాస్టారు గుడ్డ కత్తిరిస్తారు. భార్య కాజాలు తీసి గుండీలు కుడుతుంది, అందుకే వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అత్తగారు ఇస్త్రీ చేస్తారు. అత్తాకోడళ్ళు మాట్లాడుకుని ఆరేళ్ళయింది. చెప్పక తప్పని మాట వస్తే అత్తగారు కుట్టుమిషనుకు చెబుతారు. “ఏమే మిషనూ, ఈ గుండీలు పెట్టె తగిలితే కరిగిపోతున్నాయి, కాస్త గట్టివి తెప్పించుకోరాదూ” అని. కోడలు ఇస్త్రీపెట్టె వైపు తిరిగి, “చూసి రుద్దితే ఏవీ కరగవు” అంటుంది. మధ్యలో మాస్టారు కత్తెర ఆడిస్తూ ఉంటారు.

ఆయనకు తాగుడుంది. ఎనిమిదేళ్ళ నాటిది. దానితోపాటు ఇంకోటి కూడా ఉంది, దానికి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ పేరు పెట్టలేదు. కొన్ని నెలలు నిద్ర ఉండదు, పదిమంది పని ఒక్కరే చేస్తారు, మాట ఆగదు. కొన్ని నెలలు గోడవైపు తిరిగి పడుకుంటారు. తాగుడు మాన్పించే ఆసుపత్రికి తీసుకెళితే, “ముందు మనసు డాక్టరుకు చూపించుకు రండి, ఇలా ఉన్న మనిషిని మేం చేర్చుకోం” అన్నారు. మనసు డాక్టరు దగ్గరికెళితే, “ముందు తాగుడు మాన్పించుకు రండి, తాగేవాడికి మందు రాసి ఏం లాభం” అన్నాడు. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు అన్న సామెతను పుట్టించినవాడెవడోగానీ, వాడు ఈ రెండు ఆసుపత్రుల మధ్యా చెప్పులరిగేలా తిరిగినవాడే అయ్యుండాలి.

పోయిన సోమవారం మాస్టారు పందొమ్మిది మంది గుడ్డలు తీసి, పందొమ్మిదీ ఒకే కొలతకు కత్తిరించారు. లావుపాటి మేస్త్రీదీ అంతే, ఈనెపుల్లలాంటి లెక్కల టీచరుదీ అంతే. అప్పటికి ఆయన నిద్రపోయి నాలుగు రోజులు. “అందరికీ సరిపోయే కొలత ఒకటుందే. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టుకోలేదు, నాకు దొరికింది” అని భార్యతో చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి గుండీలమ్మ అనుకున్నది ఒక్కటే, మళ్ళీ తాగొచ్చారు అని. గుడ్డ ఇచ్చినవాళ్ళలో ఒక నర్సు ఉంది. తన జాకెట్టు గుడ్డకు పట్టిన గతి చూసి కూడా కేకలు వేయకుండా, తాగుడుకూ మనసుకూ ఒకేచోట వైద్యం చేసే ఆసుపత్రి ఉందని చెప్పి, తనే ఫోన్ చేసి పది గంటలకు టైము ఇప్పించింది.

పొద్దున రాగానే రక్తం, మూత్రం తీసుకున్నారు. ఇప్పుడు లోపలికి రమ్మని పిలిచారు. గదిలో బల్లకు ఇవతల రెండే కుర్చీలు. పెద్దావిడను తర్వాత పిలుస్తామన్నారు. అత్తగారు బెంచీ మీద ఒక్కరే ఉండిపోయారు.

బల్లకు అవతల ఇద్దరు డాక్టర్లు పక్కపక్కనే కూర్చున్నారు. ఒకావిడ తెల్లజుట్టు, సన్నటి మనిషి. ఇంకొకాయన భారీ మనిషి. ఆయన చొక్కాకు రెండో గుండీ వేరే రంగు దారంతో కుట్టి ఉంది. గుండీలమ్మ కంటికి ముందు అదే ఆనింది.

“మీలో తాగుడు డాక్టరెవరండీ, మనసు డాక్టరెవరు?” అని అడిగింది. ఎవరికి ఏ ఫైలు ఇవ్వాలో తేల్చుకోవాలిగా మరి.

“మీ ఆయన ఒక్కరే వచ్చారు కదమ్మా, రెండు ముక్కలుగా రాలేదుగా” అన్నాడు భారీ డాక్టరు. “మేమిద్దరం కలిసే చూస్తాం. రెండూ ఇలా ఇవ్వండి.”

ఆకుపచ్చ ఫైలు తాగుడుది, గోధుమరంగుది మనసుది. ఎనిమిదేళ్ళుగా ఆ రెంటినీ కలవనివ్వకుండా దాచిందామె. ఒకరి ఫైలు ఇంకొకరికి కనబడితే కసురుకునేవారు మరి. డాక్టరమ్మ రెంటి తాళ్ళూ విప్పేసి, కాగితాలన్నీ తేదీల వరసలో పేర్చి, ఒకే దారంతో కట్టేసింది. చూస్తుంటే గుండీలమ్మకు గుండెల్లో ఏదో కదిలింది. అది సంతోషమో భయమో ఆవిడకే తెలియలేదు.

భారీ డాక్టరు అరచేతిలో ఇమిడే యంత్రం ఒకటి తీసి మాస్టారి చేత ఊదించాడు. అంకె చూసి పక్కావిడకు చూపించాడు. ఆవిడ ల్యాబు నుంచి వచ్చిన కాగితం ఆయనకు చూపించింది.

“మీవారు తాగలేదమ్మా” అందావిడ.

“ఇవాళ తాగలేదండీ. ఇక్కడికి రావాలని.”

“ఇవాళ సంగతి ఊదితే తెలుస్తుంది. మూత్రంలో అయితే వెనకటి రోజులవి కూడా కొన్ని తెలుస్తాయి. అందులోనూ ఏం లేదు.”

“మిషను పాడైందేమో చూడండి” అంది గుండీలమ్మ. భర్త తాగలేదంటే సంతోషించాల్సింది పోయి యంత్రం మీద నేరం మోపుతున్నానేమిటని తనకే అనిపించింది. కానీ ఏం చేస్తుంది? తాగకపోతే ఆ ఎర్రకళ్ళేమిటి, ఆ తూలుడేమిటి, ఆ పందొమ్మిది గుడ్డలేమిటి? తాగాడంటే అన్నింటికీ ఒకటే జవాబు. ఇప్పుడు ఆ జవాబు కాస్తా చేజారిపోయింది.

మాస్టారు కోటు ఎడమవైపు అంచు పట్టుకుని వెనక్కి తిప్పారు. లోపలి గుడ్డ మీద గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. చక్కటి వరసలు, వరసకు ఏడు. ఆరో వరసలో ఒకటి తక్కువ.

“నలభై ఒకటి. రోజుకొకటి” అన్నారాయన.

“మరి నాకెందుకు చెప్పలేదు?” గుండీలమ్మ గొంతు ఆవిడకే కొత్తగా వినబడింది.

“ఇంతకుముందు వందసార్లు చెప్పాను, మానేశానని. నువ్వు నమ్మినప్పుడల్లా తాగాను. ఈసారి చెప్పకుండా చేసి చూద్దామనుకున్నా.”

ఆ నలభై ఒక్క రోజుల్లో ఆవిడ ఎన్నిసార్లు ఆయన నోరు వాసన చూసిందో, ఎన్నిసార్లు పక్కింటివాళ్ళకు వినబడేలా కడిగేసిందో లెక్కలేదు. వాసన లేని కొత్తరకం సరుకేదో పట్టాడని తీర్మానించింది కూడా. ఆయన మారుమాట్లాడకుండా వెళ్ళి కోటుకు ఇంకో సూది గుచ్చుకున్నాడన్నమాట. సిగ్గుతో ఆవిడకు తల ఎత్తబుద్ధి కాలేదు.

డాక్టరమ్మ మెల్లగా ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది. నిద్రపట్టకపోవడం ఎప్పుడు మొదలు? పెళ్ళికి ముందు, పందొమ్మిదేళ్ళప్పుడు. తాగుడు? తర్వాత ఎప్పుడో, నిద్రకోసమే. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

“మా మామగారు తాగి తాగి మతి చెడి చనిపోయారటండీ. నేను కాపరానికి రాకముందు మాట. అత్తగారే చెప్పేవారు” అంది గుండీలమ్మ, అత్తగారితో మాటలున్న రోజుల్లో విన్నది గుర్తుచేసుకుని.

“చివర్లో నాన్న ఎవరినీ దగ్గరికి రానిచ్చేవారు కాదు” అన్నారు మాస్టారు. “ఆయన కత్తెరే నేను వాడేది. మంచి కత్తెర. ఆ కత్తెరతోనే దొరికింది నాకు కొలత. మీకూ సరిపోతుంది డాక్టర్‌గారూ, లేవండి, ఒక్క నిమిషం, టేపు ఉంది నా దగ్గర. మెడ దగ్గర వదిలేస్తే భుజం తనే సర్దుకుంటుంది, భుజం సర్దుకుంటే మనిషి సర్దుకుంటాడు, అసలు ఊళ్ళో గొడవలన్నీ భుజాల దగ్గరే మొదలవుతున్నాయి...” మాట మాటను తరుముకుంటూ పోయింది. భారీ డాక్టరు నిజంగానే లేచి నిలబడి మెడ కొలిపించుకున్నాడు. అది చూస్తే గుండీలమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నలభై ఒక్క సూదులు గుచ్చిన మనిషీ ఈయనే, ఇలా మాట్లాడుతున్నదీ ఈయనే. ఇందులో తన మొగుడు ఎవరో తేల్చుకోలేక ఇద్దరివంకా మార్చి మార్చి చూస్తున్నట్టు ఒక్కరినే చూస్తూ కూర్చుంది.

“తిండి ఎలా ఉంది?” అడిగింది డాక్టరమ్మ.

మాస్టారు టేపు చుట్టేశారు. గొంతు తగ్గించారు. “టీలో ఏదో కలుస్తోందండి.”

“ఎవరు కలుపుతున్నారు?”

“అది తెలీదు. నేను నోట్లో సూదులు పెట్టుకుని పనిచేసేవాణ్ణి. ఇనుము రుచి నాకు కొత్త కాదు. ఇప్పుడు సూదులు లేకుండానే నోరంతా ఇనుమే. పొద్దున టీ తాగితే వస్తుంది, సాయంత్రం టీ తాగితే మళ్ళీ వస్తుంది. తల దిమ్మెక్కుతుంది. ఇంట్లో చెబితే తాగినవాడి వాగుడంటారు.”

డాక్టరమ్మ రాసుకుంటోంది. గుండీలమ్మకు తలకిందుల రాత చదవడం అలవాటు. కత్తిరింపు బల్లకు ఆవలి పక్క కూర్చుని భర్త రాసే కొలతల పుస్తకాన్ని ఇరవై ఏళ్ళుగా అలాగే చదువుతోంది. ఇప్పుడూ చదివింది. ‘తనకు ఎవరో హాని చేస్తున్నారని, ఆహారంలో ఏదో కలుపుతున్నారని అనుమానం.’ దాని కింద రెండు గీతలు.

“ఈ అనుమానం ఎన్నాళ్ళుగా ఉందమ్మా?” అని డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. “ఎందుకడుగుతున్నానంటే, ఇది ఇంత గట్టిగా పట్టుకుంటే మేం ఇచ్చే మందు మారుతుంది. లోపల ఉంచుకుని పెద్ద మోతాదు మొదలుపెట్టాలి. ఇంట్లో ఎవరైనా ఆయనకు ఏమైనా ఇస్తున్నారా? నాటుమందు, పొడి, ఏదైనా?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, గుండీలమ్మ చెయ్యి సంచి మీదికి పోయింది.

ఎందుకంటే టీలో కలుస్తోంది. కలుపుతున్నది తనే. నెల రోజులుగా, రోజూ పొద్దున ఒక చెంచా. మందుల షాపతను కౌంటరు కిందినుంచి తీసి ఇచ్చాడు. ఇది పడుతుంటే తాగిన మనిషికి తాగుడంటేనే అసహ్యం పుడుతుందన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు, చెబితే పనిచేయదు అన్నాడు. ఆవిడ చెప్పలేదు. పౌడరు డబ్బాలో పోసి, దారపు ఉండల మధ్య దాచి, ఇవాళ ఎందుకైనా మంచిదని సంచిలో వేసుకొచ్చింది.

అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది ఆవిడ పని. చెబితే, ఈ జన్మకు ఈయన తన చేతి కప్పు అందుకోడు. కోటు లోపల సూదులు గుచ్చుకుంటూ పరువు నిలబెట్టుకున్న మనిషికి, నిన్ను నేను దొంగచాటుగా మందు పెట్టి లొంగదీయాలనుకున్నానని ఏ నోటితో చెప్పాలి? చెప్పకపోతే, ఈయన ఈ గదిలో అన్నవాటిలో పచ్చినిజమైన ఆ ఒక్కమాటా పిచ్చి కింద రాసేస్తారు. దానికి మందు కూడా మింగిస్తారు. కింద రెండు గీతలు గీసేశారు కూడా.

ఆవిడ డబ్బా తీసి బల్లమీద పెట్టింది.

“ఆయన అన్నది నిజమేనండీ. ఆ గీతలు కొట్టేయండి. నేనే కలుపుతున్నాను. పొద్దున ఒక చెంచా.”

డాక్టరమ్మ కలం ఆగింది. భారీ డాక్టరు మూత తీసి, కొద్దిగా కాగితం మీద పోసుకుని, వాసన చూసి, షాపతను ఏం పేరు చెప్పాడని అడిగాడు. ఆవిడ చెప్పింది. ఆయన ఒక నిట్టూర్పు విడిచాడు.

“అయితే నాకు పిచ్చి కాదన్నమాట” అన్నారు మాస్టారు. ఆ గొంతులో కోపం లేదు, పెద్ద బరువు దించుకున్నట్టుంది. అదే ఆవిడకు ఎక్కువ బాధ కలిగించింది. రెండు చెంపలూ వాయించినా బాగుండేది.

“టీ గురించి మీరన్నది నిజం” అంది డాక్టరమ్మ. “నాలుగు రోజులు నిద్ర లేకపోవడం కూడా నిజమే. ఆ పందొమ్మిది గుడ్డలూ నిజమే. ఒకటి తేలిందని మిగతావి పోవు మాస్టారూ.”

ఆయన తల ఊపారు. తర్వాత భార్య వైపు తిరిగారు. “పొద్దున సరే. భయపడ్డావు, కలిపావు. సాయంత్రం కూడా ఎందుకే?”

“సాయంత్రం నేను కలపలేదండీ.”

“రెండు పూటలా అదే రుచి.”

“ఒట్టు. పొద్దున ఒక్కసారే. సాయంత్రం టీ అసలు నేను పెడితేగా, ఆ టైముకి నేను కాజాల మీద ఉంటాను, టీ పెట్టేది...”

ఆవిడ మాట అక్కడే ఆగిపోయింది. సాయంత్రం టీ ఎవరు పెడతారో గదిలో ముగ్గురికి తెలియదు కాబట్టి చెప్పాలి గానీ, నోరు రాలేదు. ఆ ముగ్గురిలో మాస్టారు లేరు. ఆయనకు తెలుసు. ఆయన తలుపు వైపు చూశారు.

*

సరే, మూడోవాడెవడని లెక్కపెట్టుకుంటున్నారా? మీరే. ఇప్పుడు మీకూ తెలిసిపోయింది.

పిలవగానే అత్తగారు లోపలికి వచ్చి నిలబడ్డారు. కొడుకు తన కుర్చీ చూపించినా కూర్చోలేదు. బల్లమీద తెరిచి ఉన్న డబ్బా, కాగితం మీద పొడి చూశారు. చూసి, నడుముకు దోపుకున్న కళ్ళజోడు పెట్టె తీశారు. అందులో కళ్ళజోడు లేదు. చీటీలా మడిచిన పొట్లాలు నాలుగున్నాయి. ఒకటి విప్పి డబ్బా పక్కన పెట్టారు. అదే రంగు, అదే వాసన. ఒకే షాపు.

కోడలితో నేరుగా మాట్లాడే అలవాటు తప్పిన మనిషి, ఎవరితో అనాలో తెలియక అటూ ఇటూ వెతికి, బల్ల మీదున్న ఊదే యంత్రాన్ని పట్టుకున్నారు. “ఏమే మిషనూ, నేను సాయంత్రమే కలిపాను. పొద్దున కూడా పడుతోందని నాకెవరు చెప్పారు?”

“మీరిద్దరూ మాట్లాడుకోరా?” అడిగాడు భారీ డాక్టరు, నిజంగానే అర్థంకాక.

ఉప్పూ నిప్పూ ఒకే కప్పులో నెల రోజులు కలిశాయి, ఒకదాని సంగతి ఒకదానికి తెలియలేదు. మందుల షాపతను మాత్రం ఇద్దరికీ అమ్మాడు, ఇద్దరికీ ఎవరికీ చెప్పొద్దన్నాడు.

“వినండి” అన్నాడు భారీ డాక్టరు. “ఇది డాక్టరు చూస్తూ, మనిషికి చెప్పి, ఆయన ఒప్పుకుంటేనే ఇవ్వాల్సిన మందు. దొంగచాటుగా కలిపేది కాదు. దీనిమీద తాగితే ప్రాణం మీదికి రావచ్చు. తాగని మనిషికైనా మోతాదు మించితే నోరు ఇనుములా ఉంటుంది, తల దిమ్మెక్కుతుంది, కొందరికి మనసు కూడా చెదురుతుంది.”

“అయితే ఇదంతా ఆ పొడివల్లేనా?” గుండీలమ్మ అడిగింది. అవునంటే తను దోషి, కాదంటే ఆయన రోగి. ఏ జవాబు కావాలో ఆవిడకే తెలియదు.

“అలా అనను. జబ్బు ఆయనకు ముందునుంచీ ఉంది. తాగుడు దాన్ని కొన్నాళ్ళు కప్పింది, కొన్నాళ్ళు పెంచింది. ఇప్పుడు తాగుడు ఆగింది, పొడి రెట్టింపైంది. ఏది ఎంతో ఈ క్షణాన నాకూ తెలియదమ్మా. పొడి ఇవాళే ఆపేయాలి. ఆయన్ని ఇక్కడ ఉంచి, మిగతా రెండూ కలిపి చూస్తాం. ఆయన ఒప్పుకుంటేనే.”

అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన కోటు అంచు వేలితో తడుముతూ ఉండిపోయారు. “టీ ఇక్కడ ఎవరు పెడతారు?” అని అడిగారు చివరికి.

“క్యాంటీన్లో. మీ కళ్ళముందే.”

“అయితే ఉంటాను.”

గుండీలమ్మకు కళ్ళు నిండాయి. ఆ ఒక్కమాటలో తనకెంత శిక్ష పడిందో ఆయనకు తెలుసో లేదో. డాక్టరమ్మ ఫైలులో రెండు గీతల మాటను అడ్డంగా కొట్టేసి పక్కన ఏదో రాయబోయింది.

“మనసు చెదురుతుందన్నారు” అన్నారు అత్తగారు. యంత్రంతో కాదు, డాక్టరుతో. “చెదిరితే ఎలా ఉంటుంది?”

“అనుమానం పెరగొచ్చు. లేనివి కనిపించొచ్చు, వినిపించొచ్చు. మనవాళ్ళని కూడా దగ్గరికి రానివ్వకపోవచ్చు.”

అత్తగారు ఇందాక వద్దన్న కుర్చీ కోసం చేత్తో తడుముకున్నారు. మాస్టారు లేచి తన కుర్చీ ఇచ్చారు. గోడ పక్కకు తప్పుకుంది. ఆరేళ్ళలో మొదటిసారి ఆ ఇద్దరాడవాళ్ళ మధ్య ఎవరూ లేరు. అత్తగారు కళ్ళజోడు పెట్టె మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశారు. తర్వాత మొహం తిప్పి కోడలి కళ్ళలోకి సూటిగా చూశారు.

“అమ్మాయ్, ఈ పొడి నాకు కొత్త కాదు” అన్నారు. “మీ మామగారు కూడా టీ బాగాలేదనేవారు.”